రెండు ఎడమ చేతుల కోటు

కాజాలమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. అసలు పేరేమిటో మాత్రం ఎవరికీ గుర్తు లేదు. నలభై నాలుగేళ్ళుగా మొగుడి టైలరింగు షాపులో, కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని చొక్కాలకీ కోట్లకీ గుండీ దూరే కాజాలు కుడుతోంది కాబట్టి కాజాలమ్మ అయింది. ఎవరైనా కొత్త చొక్కా తొడుక్కుని చూస్తూ గుండీని బలవంతంగా లాగారా, ఇక అయిపోయినట్టే. "నిదానంగా పెట్టండి, అది మీ ఇంటి తలుపు గడియ కాదు" అని మొహం మీదే అనేస్తుంది. ఆ మాట పడ్డవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు, అది వేరే సంగతి.

మొగుడిది పూర్తిగా ఎదురు స్వభావం. మాస్టారు అంటారు ఆయన్ని. డెబ్భై ఒకటి దాటినా గొంతు పెంచి ఎరగరు. అంత మెత్తని మనిషి షాపులో ఒకే ఒక్క చట్టం ఉండేది. కోత వంకర పోయినా, కుట్టు జారినా, ఇస్త్రీ మచ్చ పడినా, చేసినవాళ్ళే ఆ తప్పు దగ్గర ఎర్రదారంతో ఒక ముడి వేసి బల్ల మీద పెట్టెయ్యాలి. ముడి వేసినవాళ్ళని ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. వెయ్యకుండా దాచినవాళ్ళు మాత్రం ఇంక ఆ షాపులో సూది ముట్టుకోనక్కర్లేదు. మాస్టారు కూడా వేసేవారు, ఏడాదికి ఒకటో రెండో. కాజాలమ్మ ముళ్ళు అంతకంటే ఎక్కువే గానీ, ఆ గొడవ ఇప్పుడెందుకు.

అలాంటి మాస్టారు ఒకరోజు పొద్దున్న ఒక కోటుకి రెండూ ఎడమ చేతులే కోశారు.

ఆ కోటు కాజాలమ్మ తమ్ముడిది. అతను బస్సు డ్రైవరు. ఇంకో ఆరు నెలల్లో రిటైరవుతున్నాడు, ఆ రోజు డిపోలో జరిగే సభకి కోటు వేసుకోవాలని ముచ్చట పడ్డాడు. ముచ్చట పడ్డవాడు సరిపడా గుడ్డ తెచ్చాడా అంటే, ఎక్కడో మిగిలిపోయిన తానుముక్క తెచ్చాడు. "సరిపెట్టు బావా" అని చెప్పి వెళ్ళిపోయాడు. గుడ్డ చాలితే మడత వేసి రెండు చేతులూ ఒకేసారి కోస్తారు. చాలకపోతే ఒంటిపొరగా పరిచి, అట్టముక్క పెట్టి ఒక చెయ్యి గీసి, అట్టని తిరగేసి రెండో చెయ్యి గీస్తారు. తిరగెయ్యడం మర్చిపోతే రెండూ ఎడమ చేతులే వస్తాయి. పని నేర్చుకునేవాళ్ళు మొదటి నెలలో చేసే తప్పు అది.

కాజాలమ్మకి ముందు నవ్వొచ్చింది. "ఏమండీ, మా తమ్ముడికి రెండూ ఎడమ చేతులే కోశారేమిటి? వాడు బస్సు తిప్పే తీరు చూశాక మీకూ అలాగే అనిపించిందా?"

మాస్టారు కోసిన చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చాలాసేపు చూశారు. "బాగానే ఉన్నాయిగా" అన్నారు.

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. తప్పు ఎవరైనా చేస్తారు. కానీ ఆయనకి తప్పు కనబడలేదు. ఎర్రదారం రీలు మోచేతి పక్కనే ఉంది, ఆయన చెయ్యి అటు కదలనే లేదు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పోయిన నెల కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని వీధి చివరిదాకా నడిచారు. టేపు మీద అంకె చూసి, రాసుకునే లోపల మర్చిపోయి మళ్ళీ చూసేవారు. ఎడమ పక్క జేబు పెట్టమంటే కుడి పక్క పెట్టారు. ప్రతిదానికీ ఆమె నోరు చేసుకుంది. "ధ్యాస ఎక్కడ పెడుతున్నారు" అని కస్టమర్ల ముందే దులిపేసింది. ఇప్పుడవన్నీ తలుచుకుంటే తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. కోటు గుడ్డనంతా మూట కట్టి, ఆయన కంట పడకుండా బీరువా మీద పడేసి, షాపుకి తాళం వేసి ఆయన్ని తమ వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

వీధి డాక్టరు తొడుక్కునే చొక్కాలన్నీ మాస్టారు కుట్టినవే. "మాస్టారూ, కుడి చేత్తో ఎడమ చెవి పట్టుకోండి" అన్నాడు. మాస్టారు రెండు చేతులూ చూసుకున్నారు, తర్వాత కాజాలమ్మ వైపు చూశారు, ఏది కుడో నువ్వు చెప్పు అన్నట్టు. డాక్టరు ఇంకేమీ అడగకుండా స్కానింగుకి రాసిచ్చాడు. అందులో మెదడుకి ఎడమవైపు వెనక భాగంలో ఒక మచ్చ కనబడింది, చుట్టూ వాపు. వాపు తగ్గడానికి చిన్న తెల్ల మాత్రలిచ్చి, పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాడు. అక్కడ ఆరు రోజుల తర్వాత రమ్మన్నారు.

మాత్రలు వేసుకున్న మూడో రోజుకి మాస్టారు మాస్టారైపోయారు. చెప్పులు సరిగ్గా వేసుకున్నారు. కొలతలు ఒక్కసారి చూసి గడగడా చెప్పేశారు. టీలో చక్కెర తక్కువైందని కూడా అన్నారు, అంతకుముందు నెల రోజులు ఏం పోసినా తాగేవారు. తమ్ముడు చూసి, "బావకేమీ లేదక్కా. నీ తిట్లు పేరుకుపోయి మెదడు వాచింది, మాత్రలకి దిగింది" అన్నాడు. ఇంకో రోజైతే తమ్ముడి పని పట్టేదే. ఆ రోజు మాత్రం తనే ముందు నవ్వింది.

అంత సంతోషంగా పెద్దాసుపత్రికి వెళితే, అక్కడి పెద్ద డాక్టరమ్మ చెప్పిన మొదటి మాట, ఆ మాత్రలు ఆపెయ్యమని.

కాజాలమ్మ ఒంటికాలి మీద లేచింది. "మనిషిని నిలబెట్టిన మందు ఆపమంటారేమిటమ్మా?"

డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. విసుక్కోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "నా అనుమానం ఇది చాలా అరుదుగా వచ్చే రకమని. మెదడు లింఫోమా అంటారు. రక్తంలో ఉండాల్సిన తెల్లకణాలు కొన్ని మెదడులో చేరి గడ్డ కడతాయి. పెద్ద వయసులోనే ఎక్కువ. ఇదే అయితే కోసి తియ్యం, మందు పెట్టి కరిగిస్తాం. కానీ ఇదేనని తేల్చాలంటే సూదితో ఆవగింజంత ముక్క తీసి చూడాలి. మీరు వేస్తున్న మాత్రలకి ఆ కణాలు కొన్నాళ్ళు మాయమవుతాయి. జబ్బు పోదు, దాక్కుంటుంది. అలాంటప్పుడు సూది పెడితే మాకేమీ దొరకదు."

"ఆపేస్తే ఆయన మళ్ళీ పాడైపోతారు కదా?"

"అవుతారు. రెండు వారాలు ఓర్చుకోండి. మరీ మత్తుగా ఉన్నా, వాంతులైనా వెంటనే తీసుకురండి. నేను చెప్పకుండా మాత్ర మాత్రం వెయ్యకండి."

సరేనని తల ఊపింది. ఇంటికొచ్చాక మిగిలిన మాత్రల అట్టని పారేద్దామనే తీసింది. పారెయ్యలేదు. గుండీల డబ్బాలో అడుక్కి తోసింది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు పొద్దున్న మాస్టారు కత్తెర చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలు ఏ కన్నంలో పెట్టాలో తెలియలేదు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. చివరికి ఆమెకిచ్చేస్తూ, "ఇది నాది కాదు" అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన తప్ప వేరే చెయ్యి తగలని కత్తెర అది, కాజాలమ్మని కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ మాట అన్నాక, ఏదో పొరపాటు జరిగిందని ఆయనకే తోచినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన నాటి నుంచి ఆయన కంట నీరు చూడలేదు ఆమె.

కాజాలమ్మ గబగబా లేచింది. గుండీల డబ్బా తీసింది. ఒక మాత్రని సగానికి విరిచి, నూరి, పాలలో కలిపి ఇచ్చింది. సగమే కదా అనుకుంది. డాక్టరమ్మకేం, సాయంత్రం అయ్యేసరికి ఇంటికి పోతుంది, పక్కన కూర్చుని చూసేది నేను అని గొణుక్కుంది. మర్నాడు ఇంకో సగం. అలా రోజూ పాలలో సగం మాత్ర. మాస్టారు మరీ బాగుపడలేదు, మరీ పాడవనూ లేదు. గుండీలు పెట్టుకోగలిగారు. ఆమెకి అదే పదివేలు.

రెండు వారాలు కాగానే తలకి చిన్న రంధ్రం పెట్టి సూదితో ముక్క తీశారు. రెండు రోజుల్లో ఇంటికి పంపేశారు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. అందులో ఏమీ లేదు. నలిగిపోయిన కణాలు తప్ప ఇంకేమీ దొరకలేదన్నారు.

డాక్టరమ్మ నుదురు చిట్లించుకుంది. "మాత్రలు పూర్తిగా ఆపారు కదా?"

"ఆపామమ్మా" అనేసింది కాజాలమ్మ. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"అలాగైతే నేననుకున్న రకం కాదేమో. ఇంకేదైనా అయితే ఇలా మందుతో పోదు. తల తెరిచి పెద్ద ఆపరేషను చెయ్యాల్సి రావచ్చు. ఈ వయసులో అది చిన్న విషయం కాదు. ఎల్లుండి మిగతా డాక్టర్లతో కూర్చుని తేలుస్తాను. పదకొండింటికి రండి."

మర్నాడు కాజాలమ్మ షాపులో కూర్చుంది గానీ చెయ్యి ఆడలేదు. ఒక చొక్కాకి కాజాలు గుండీల వైపు కుట్టేసింది, మూడు కుట్టాక గానీ చూసుకోలేదు. అలవాటు కొద్దీ చెయ్యి ఎర్రదారం రీలు మీదికి పోయింది. ముడి వేసి, కొస కొరికి, చొక్కా బల్ల మీద పెట్టింది. అప్పుడే తగిలింది. ఇంత చిన్న తప్పుకి ముడి వేశానే, అంత పెద్దది పాలలో కలిపి మూత పెట్టానే అనుకుంది.

సాయంత్రం తమ్ముడొస్తే అంతా చెప్పింది. తమ్ముడు తల పట్టుకున్నాడు. "అయ్యిందేదో అయ్యింది. రేపటి నుంచి ఇవ్వడం మానెయ్. చెప్పడమెందుకు, ఆవిడ చేత చివాట్లు తినడానికా?"

"మానేస్తే సరిపోదురా. నేనిచ్చిన తప్పు కొలత పట్టుకుని ఆవిడ కత్తెర తీస్తోంది. కోసేది గుడ్డ కాదు, మీ బావ తల."

ఆమె మాత్రల అట్ట తీసి, సూదిలో ఎర్రదారం ఎక్కించి, అట్ట మూలన గుచ్చి ముడి వేసింది. ఒకటికి రెండు ముళ్ళు.

మర్నాడు పదకొండింటికి ముగ్గురూ వెళ్ళారు. మాస్టారు కుర్చీలో కూర్చుని బల్ల మీది పెన్నులు ఒక వరసలో పెడుతున్నారు. ఆ వారమంతా పెద్దగా మాట్లాడింది లేదు. కాజాలమ్మ సంచిలోంచి అట్ట తీసి డాక్టరమ్మ ముందు పెట్టింది.

"ఆపలేదమ్మా. ఐదో రోజు నుంచి రోజూ సగం ఇచ్చాను. సూది పెట్టడానికి ముందు రోజు కూడా ఇచ్చాను. మొన్న మీకు అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. అప్పటిదాకా ఎంత ఓర్పుగా మాట్లాడిన మనిషో. "మీరు చేసిందేమిటో అర్థమవుతోందా? ఆయన తలకి ఊరికే రంధ్రం పెట్టాం. ఇంకో అరగంటలో మేం కూర్చుని పెద్ద ఆపరేషనుకి రోజు పెట్టేవాళ్ళం. అంత చదువు చదివి నేను..."

మాస్టారు చెయ్యి చాపి ఆ అట్ట తీసుకున్నారు. అందరూ ఆయన వైపు చూశారు. బొటనవేలితో ఎర్రముడిని తడిమారు, రెండో ముడినీ తడిమారు.

"దారం కట్టింది" అన్నారు డాక్టరమ్మతో. "ఇంక ఏమీ అనకూడదు."

ఏది కుడో ఏది ఎడమో తెలియని మనిషి, సొంత కత్తెరని గుర్తు పట్టని మనిషి, ఆ చట్టం మాత్రం మర్చిపోలేదు. డాక్టరమ్మకి ఏమీ అర్థం కాలేదు. షాపులో దారం సంగతేమిటో తమ్ముడు రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ ముందుకి వంగి ఆ ముళ్ళని చూసింది. కోపం పూర్తిగా పోయిందని కాదు గానీ, గొంతు దిగింది.

"సరే, అనను. ఇవాళ చెప్పారు, మంచిపని చేశారు. మళ్ళీ మొదటి నుంచి వద్దాం. ఈసారి మూడు వారాలు. చూడలేకపోతే మాత్ర ఇవ్వద్దు, నాకు ఫోను చెయ్యండి." అట్ట తీసుకుని ఫైలుకి పిన్ను కొట్టింది, దారంతో సహా.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో కాజాలమ్మకి తెలియాలి. మాస్టారికి చొక్కా ఆమే తొడిగింది, చెప్పులు ఆమే వేసింది. రెండో వారం చివర్లో ఆయన అన్నం తినడం మధ్యలో ఆపి చెంచా వైపు చూస్తూ ఉండిపోయేవారు. రోజూ ఆమె చెయ్యి గుండీల డబ్బా మీదికి పోయేది. డబ్బాలో గుండీలే ఉన్నాయి. నాలుగుసార్లు ఫోను చేసింది. నాలుగుసార్లూ డాక్టరమ్మ తనే ఎత్తి, "మత్తు ఉందా? వాంతులున్నాయా? లేవు కదా. ఇంకో రోజు" అంది. ఇంకో రోజు, ఇంకో రోజు అంటూ మూడు వారాలు ఈదారు.

మళ్ళీ స్కానింగు చేస్తే మచ్చ పెద్దదై, స్పష్టంగా కనబడింది. మళ్ళీ సూది పెట్టారు. ఐదో రోజు ఫోనులో డాక్టరమ్మ, "అదేనమ్మా, నేననుకున్నదే" అంది. జబ్బు పేరు విని ఎగిరి గంతేసిన మనిషిని కాజాలమ్మ ఎప్పుడూ చూసి ఉండదు. ఆ రోజు తనే ఆ పని చేసింది. స్టూలు మీద నుంచి దిగి, ఇస్త్రీ కోసం వచ్చిన పక్కింటావిడని వాటేసుకుంది. ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

గడ్డని కరిగించే మందు పసుప్పచ్చగా ఉండేది. రెండు వారాలకోసారి ఆసుపత్రిలో చేర్చి, దాన్ని రక్తంలోకి ఎక్కించి, అది ఒంట్లోంచి పోయేదాకా రోజంతా నీళ్ళు ఎక్కించేవారు. ఆ వయసులో మూత్రపిండాలు తట్టుకోవాలి కాబట్టి మూత్రం కొలిచి రాయమన్నారు. కొలవడం కాజాలమ్మకి కొత్తా? గీతల మగ్గు కంటికి ఎదురుగా పట్టుకుని, నర్సు రాసిన అంకె తప్పని రెండుసార్లు తగువు పెట్టుకుంది. రెండుసార్లూ ఈమెదే ఒప్పు. మాస్టారికి నోరు పూసింది, నీరసం వచ్చింది, ఒకసారి జ్వరమొచ్చి అందరినీ హడలగొట్టింది. అయినా నాలుగోసారి ఇంటికి బయల్దేరేటప్పుడు, ఆమె చొక్కా గుండీ పెట్టబోతే చెయ్యి పక్కకి తోసి తనే పెట్టుకున్నారు. పైనుంచి కిందదాకా ఐదూ, నిదానంగా, ఒక్కటీ తప్పకుండా. కాజాలమ్మ కిటికీలోంచి బయట ఏదో చూస్తున్నట్టు నిలబడింది. బయట చూడ్డానికేమీ లేదు, గోడ ఉంది.

ఆరుసార్లు పూర్తయ్యాక తీసిన స్కానింగులో మచ్చ లేదు. డాక్టరమ్మ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూపించింది. "ఇప్పటికి లేదు. మళ్ళీ రాదని మాటివ్వలేను. మూడు నెలలకోసారి చూసుకుందాం" అంది. ఇప్పటికి చాలు, అనుకుంది కాజాలమ్మ. మూడు నెలలంటే ఎన్ని పొద్దుటి టీలు వస్తాయో ఆమెకి తెలుసు.

మర్నాడే మాస్టారు షాపు తెరవమన్నారు. తమ్ముడు కూడా వచ్చాడు. రిటైర్మెంటు సభ ఇంకో వారంలోకి వచ్చింది. కోటు మాట ఎత్తొద్దని అక్క ముందే కళ్ళెర్ర జేసింది కాబట్టి నోరు కట్టుకుని కూర్చున్నాడు. కానీ మాస్టారి చూపు బీరువా మీదికి పోయింది.

"ఆ మూట ఏమిటి?"

"పాత గుడ్డలు లెండి."

"దింపు."

దింపక తప్పలేదు. ఆయన మూట విప్పి, ముక్కలన్నీ బల్ల మీద పరిచారు. వీపు, ముందు పక్కలు, కాలరు. తర్వాత చేతులు. ఒకదాని మీద ఒకటి పెట్టారు. ఆరు నెలల కింద సరిగ్గా ఇలాగే పెట్టి, ఇలాగే చూశారు. బాగానే ఉన్నాయిగా అంటారేమోనని కాజాలమ్మ ఊపిరి బిగబట్టింది. మచ్చ పోతే పోయింది, ఆ కన్ను తిరిగొచ్చిందో లేదో ఏ స్కానింగూ చెప్పలేదు.

మాస్టారు పై చేతిని ఎత్తారు. తిరగేశారు. మళ్ళీ పెట్టారు.

"రెండూ ఎడమవేగా. ఎవరు కోశారిది?"

తమ్ముడే, "నువ్వే బావా" అన్నాడు.

"నేనా?" మాస్టారు బల్లంతా చూశారు, చేతుల కింద చూశారు. "మరి దారమేది?"

ఆయన రీలు లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, సూదిలోకి దారం ఎక్కించబోయారు. మొదటిసారి తప్పింది. రెండోసారి ఎక్కింది. రెండో చెయ్యి చంక దగ్గర గుచ్చి, ముడి వేసి, కొస కొరికారు.

"కట్టాను. ఇంక నన్నేమీ అనకూడదు" అన్నారు.

ఆసుపత్రిలో అన్ని రోజులూ ఏడవని కాజాలమ్మ అప్పుడు బావురుమంది. ఏడుస్తూనే, "అంటాను. ఆరు నెలలు ఆలస్యంగా కట్టినవాళ్ళని ఏమైనా అనొచ్చు" అంది. మాస్టారు ఆమెకి చేతికందిన తానుముక్క ఇచ్చారు, కళ్ళు తుడుచుకోమని. అది కస్టమరుదని గుర్తొచ్చి మళ్ళీ లాక్కున్నారు.

"అంతా బాగానే ఉంది, నా కోటు సంగతి తేల్చండి" అన్నాడు తమ్ముడు. కుడి చేతికి గుడ్డ లేదు, అలాంటి ముక్క ఇంక ఎక్కడా దొరకదు. మాస్టారు బావమరిదిని ఎగాదిగా చూసి, చేతులు రెండూ పక్కన పడేసి, దాన్ని చేతుల్లేని కోటుగా కుట్టేద్దామన్నారు. డ్రైవరుకి అదే వీలు, చేతులు బాగా ఆడతాయి అన్నారు. రిటైరయ్యాక చేతులెక్కడ ఆడించాలి బావా అని తమ్ముడు మొత్తుకున్నాడు గానీ, ఎవరూ చెవిన వేసుకోలేదు.

నాలుగు రోజులకి కోటు కాజాల దాకా వచ్చింది. కాజాలమ్మ స్టూలెక్కి, కిటికీ వెలుగులో ఐదు కాజాలూ కుట్టి ఇచ్చింది. మాస్టారు కళ్ళజోడు పైకెత్తి ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ వచ్చి, మూడోదాని దగ్గర ఆగారు.

"ఇది ఒక పోగు కిందకి పోయింది."

పోయిందా అని వంగి చూసింది. నిజంగానే పోయింది. ఆమె కంటికి కూడా ఆనని తప్పు అది. ఎర్రదారం రీలు ఇటిమ్మని చెయ్యి చాపింది. మాస్టారు ఆమె ఎడమ చేతిలో సూది ఉండడం చూసి, రీలుని తడబడకుండా ఆమె కుడి చేతిలో పెట్టారు.